ఇంగ్లీషు వంటింట్లో ఉన్న రోజులు

రంగూన్ శివారు లైంగ్‌థార్యార్‌లో నేను పనిచేసిన బట్టల ఫ్యాక్టరీ మూతపడేనాటికి నాకు నలభై దాటాయి. అక్కడ నాది ఆఫీసు పని. బయటి దేశాల నుంచి వచ్చే ఆర్డర్లలో కాలరు ఎంత ఉండాలి, చెయ్యి పొడవెంత, గుండీలు ఏ రంగు అని ఇంగ్లీషులో ఉండేది. అది చదివి కుట్టుపని చేయించే వాళ్లకు బర్మా భాషలో చెప్పేదాన్ని. చాలా ఏళ్లు అదే పని చేయడంతో నాకు ఇంగ్లీషు వచ్చనే అనుకున్నాను. ఉద్యోగం పోయాక తెలిసింది, నాకు వచ్చింది చొక్కాల ఇంగ్లీషు మాత్రమేనని.

చిమిండైంగ్‌లో మా ఇంటికి నాలుగు వీధుల అవతల చిన్నపిల్లల ప్రైవేటు స్కూలు ఒకటి ఉంది. ఇంగ్లీషు డిగ్రీ ఉంటే టీచరుగా తీసుకుంటానని దాన్ని నడిపే ఆవిడ చెప్పింది. వయసులో ఉన్నప్పుడు దూరవిద్యలో ఆ డిగ్రీ మొదలుపెట్టాను కానీ, నాన్న పోవడంతో మధ్యలో ఆగిపోయింది. ఇప్పుడు మళ్లీ చేరాను. చేతికొచ్చిన మొదటి పాఠ్యపుస్తకం మధ్యయుగాల ఇంగ్లండు చరిత్ర, సాహిత్యం. ఒకే పేరుతో నలుగురైదుగురు రాజులు, కోటలు, మఠాలు, కత్తులు. పేజీ చివరికొచ్చేసరికి మొదట్లో చదివింది గుర్తుండేది కాదు.

ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. అమ్మ తలుపు ముందు బల్ల వేసుకుని పొద్దున్నే గారెలు అమ్ముతుంది. పిండి రుబ్బుతూ నా చదువు వింటూ ఉండేది. ఒకరోజు అది ఏం పుస్తకమని అడిగితే, ఇంగ్లీషు వాళ్ల పాత రాజుల సంగతులని చెప్పాను.

"ఆళ్లు ఎల్లిపోయి ఎన్నాళ్లయినాది. ఇంకా ఆళ్ల రాజుల గొడవ మనకెందుకే?" అంది.

నాకూ అలాగే అనిపించింది. కానీ ఆ పేపరు దాటకపోతే డిగ్రీ లేదు. బజారు మలుపులో మందుల షాపు ఆవిడతో మాటల్లో ఈ కష్టం చెప్పుకుంటే, ఆవిడ బజారు వెనక ఉన్న ఒక చెక్క ఇల్లు చూపించింది. ఆ ఇంటి పైఅంతస్తులో కాలేజీలో పనిచేసి రిటైరైన ఒక ఇంగ్లీషు టీచరు ఉంటోందనీ, అడిగితే చెబుతుందనీ అంది.

ఆవిడను అందరిలాగే నేనూ సయామ అనే పిలిచాను. బర్మా వాళ్లు టీచరమ్మను అలాగే పిలుస్తారు. డెబ్భై దాటిన మనిషి. శుక్లాల వల్ల పుస్తకాన్ని ముఖానికి ఆనించుకుని చదివేది. కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు కాబట్టి పాఠం పొద్దున్న వెలుతురులోనే. నాతో పాటు ఇంకో ఇద్దరు వచ్చేవాళ్లు. ఒకతను ఓడల్లో ఇంజను గదిలో పనిచేసి వచ్చాడు, పై ఉద్యోగం కోసం పరీక్ష రాయబోతున్నాడు. ఇంకొకావిడ గులాబీరంగు బట్టలు కట్టుకునే బౌద్ధ సన్యాసిని. ఫీజు మాట ఎత్తితే సయామ చెయ్యి అడ్డంగా ఊపేది.

మొదటి రోజు నేను పుస్తకం తెరవబోతే వద్దంది. కిటికీ రెక్క తోసి కింద బజారు చూపించింది. ఆవును ఇంగ్లీషులో ఏమంటారని అడిగింది. కౌ అన్నాను. దాని మాంసాన్ని? బీఫ్. గొర్రెను? షీప్. దాని మాంసం మటన్. పంది పిగ్, మాంసం పోర్క్. ఒకే జంతువుకు బతికున్నప్పుడు ఒక పేరు, పళ్లెంలోకి వచ్చాక ఇంకో పేరు ఎందుకొచ్చిందని అడిగింది.

తర్వాత తనే చెప్పింది. వెయ్యేళ్ల కిందట ఫ్రాన్సు ఉత్తర తీరం నుంచి నార్మన్లు అనే వాళ్లు ఓడల్లో వచ్చి ఇంగ్లండును గెలిచారు. వాళ్ల దొర రాజయ్యాడు. పొలాలూ కోటలూ తన మనుషులకు పంచిపెట్టాడు. దర్బారులో ఫ్రెంచి, తర్వాత కోర్టుల్లోనూ ఫ్రెంచే, చర్చిలో లాటిన్. పశువుల్ని మేపేది ఇంగ్లీషు వాళ్లు కాబట్టి పాకలో వాటికి ఇంగ్లీషు పేరు, తినేది ఫ్రెంచి వాళ్లు కాబట్టి వాళ్ల బల్ల మీద ఫ్రెంచి పేరు. ఇంగ్లీషుకు మిగిలిన చోట్లు పొలం, పాక, వంటిల్లు, ఉయ్యాల.

నేను రాసుకుంటుంటే సయామ, మీ ఇంట్లో ఏ భాష మాట్లాడుకుంటారని నన్ను అడిగింది. చిన్నప్పుడు స్కూల్లో నా నోట తెలుగు మాట జారితే పక్కవాళ్లు నవ్వేవాళ్లు. ఆ అలవాటు చొప్పున తల దించుకునే జవాబు చెప్పాను. అమ్మతో తెలుగేనని, అయితే అది తిండికీ నీళ్లకీ సరిపోయే తెలుగేనని, పెద్ద మాటలు రావని, చదవడం రాయడం అసలే రాదని.

సయామ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. నన్ను 'థమీ' అంది. కూతురా అని.

"థమీ, దగ్గర దగ్గర మూడు వందల ఏళ్లు ఇంగ్లీషు కూడా వంటింట్లోనే ఉంది. ఆ వంటింటి ఆడవాళ్లు పిల్లలతో మాట్లాడబట్టే అది మిగిలింది. నువ్వు సిగ్గుపడాల్సిన చోటు కాదది. ఈ పాఠం మా అందరికంటే నీకే బాగా తెలియాలి."

ఆ మాట తర్వాత ఆ పుస్తకమంటే నాకు భయం పోయింది. అందులో ఉన్నది దొరల కథ అనుకుంటూ వచ్చాను. చూడబోతే సగం మాలాంటి వాళ్ల కథే. ఇంటికొచ్చి ఆవు, బీఫు సంగతి చెబితే అమ్మ గారెలు తిప్పడం ఆపి మరీ వింది. మన పోర్టులో కూడా అంతేనని, బస్తాలు మోసిన వాళ్ల మాటలు ఒకటి, లెక్కలు రాసిన దొరల మాటలు ఇంకొకటి అని, పోర్టులో కూలి చేసిన తన నాన్న చెప్పేవాడట.

కొన్ని వారాలకు మహమ్మారి పాఠం వచ్చింది. నార్మన్లు వచ్చిన దాదాపు మూడు వందల ఏళ్లకు, ఎలుకలతోనో ఓడలతోనో వచ్చిన ప్లేగు జబ్బు ఆ దేశంలో ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. పొలాల్లో పనిచేసే వాళ్లు కరువయ్యారు. మిగిలిన వాళ్లు తమ పనికి తగ్గ కూలి అడగడం నేర్చుకున్నారు. ఫ్రెంచి చెప్పే పంతుళ్లు చాలామంది పోవడంతో బడిపిల్లలు ఇంగ్లీషులో చదివారు. కొన్నేళ్లకు కోర్టులో ఇంగ్లీషులో వాదించుకోవచ్చని చట్టం వచ్చింది. కవులు కూడా ఆ భాషలోనే పెద్ద కావ్యాలు రాయడానికి పూనుకున్నారు. పుస్తకంలో ఇదంతా మహమ్మారి తెచ్చిన మేలు అన్నట్టు రాసి ఉంది.

సయామ అక్కడ ఆగింది. కరోనా రెండో ఏడు మా వీధుల్లో జనం ఆక్సిజన్ సిలిండర్ల కోసం లైన్లో నిలబడిన రోజుల్లో ఆవిడ భర్త పోయాడు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

"ఇందులో మేలు జరిగిందని నేను చెప్పను," అంది. "చచ్చిపోయిన వాళ్లు చచ్చిపోయారు. బతికిన వాళ్లు తమ భాషలో మాట్లాడారు. పరీక్షలో ఇంతవరకు రాస్తే చాలు."

సన్యాసిని లేచి ఆవిడకు మంచినీళ్లు ఇచ్చింది. సయామ నీళ్లు తాగి తర్వాతి పేజీ తిప్పమంది.

ఆ పేజీలో నాకు ఎంతో నచ్చిన మనిషి ఉంది. ఇంగ్లండులో ఒక రేవుపట్నంలో ఉండిన షావుకారు కుటుంబపు ఇల్లాలు. బోలెడంతమంది పిల్లల తల్లి. చదవడం రాయడం రాదు. దేశాలు దాటి యాత్రలు చేసింది, చర్చిలో గట్టిగా ఏడ్చి జనం చేత తిట్లు తింది. ముసలితనంలో తన బతుకంతా నోటితో చెప్పి ఇంకొకరి చేత రాయించింది. ఇంగ్లీషులో ఒక మనిషి తన కథ తాను చెప్పుకున్న మొదటి పుస్తకం అదేనంటారట. చదువుకున్న మగవాళ్లు అంతమంది ఉన్న దేశంలో మొదటి ఆత్మకథ చదువురాని ఆవిడది కావడం మాకు ముచ్చటగా అనిపించింది.

ఆ రోజుల్లో తీర్థయాత్రకు వెళ్లేవాళ్లు దారి పొడవునా కథలు చెప్పుకుంటూ వెళ్లేవారని కూడా సయామ చెప్పింది. కథలో రాజూ ఉండొచ్చు, పిండిమర వాడూ ఉండొచ్చు. చెప్పేవాళ్లకు గొప్పా తక్కువా లేదు. మా ముగ్గుర్నీ చూసి, వచ్చే శనివారం పాఠం ఉండదు, ఒక్కొక్కరు ఒక కథ చెప్పండి, లేదా కథ ఉన్న మనిషిని తీసుకురండి అంది. మా అమ్మను తీసుకురానా అని అడిగాను. అయితే అమ్మకు బర్మా భాష బేరాలకే తప్ప మనసులో మాట చెప్పడానికి చాలదన్నాను.

"తెలుగులోనే చెప్పమను. నువ్వు మాకు చెప్పు," అంది సయామ.

అమ్మ ముందు ఒప్పుకోలేదు. "నాకు కతలేటొచ్చు? ఆ సదువుకున్నోళ్ల ముందు నానేటి సెప్పగలను?" అంటూ శుక్రవారం దాకా తప్పించుకుంది. శనివారం పొద్దున చూస్తే పండక్కి కట్టుకునే చీర కట్టుకుని, బర్మా ఆడవాళ్లలా చెంపలకు థనకా చెక్క అరగదీసిన గంధం రాసుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. ఇద్దరం బయల్దేరాం.

సయామ ఇంట్లో అమ్మ కుర్చీ వద్దని చాప మీద కూర్చుంది. ముందు సన్యాసిని తన ఊళ్లో వరదల సంగతి చెప్పింది. ఇంజను అతను నడిసముద్రంలో ఇంజను ఆగిపోయిన రోజు గురించి చెప్పాడు. తర్వాత అందరూ అమ్మ వైపు చూశారు. అమ్మ కొంగుతో నుదురు తుడుచుకుని, ఎప్పుడూ తెలిసిందే చెబుతున్నట్టు మొదలుపెట్టింది. నేను మాత్రం అంతకుముందు అందులో ఒక్క ముక్క కూడా వినలేదు.

అమ్మకు పదేళ్లప్పుడు షాపులన్నీ బర్మా ప్రభుత్వం తీసేసుకుంది, ఇండియా నుంచి వచ్చిన వాళ్లకు బతుకుతెరువు కష్టమైంది. మన తెలుగువాళ్లు గుంపులు గుంపులుగా ఓడలెక్కి వెళ్లిపోతున్నారు. పోర్టు కూలీల లైను ఇళ్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. తాత కూడా వెళ్లిపోదామన్నాడు. ఆయన ఊరు శ్రీకాకుళం దగ్గర. తాత అక్కణ్ణుంచి చిన్నప్పుడే వచ్చేశాడు, అమ్మమ్మయితే ఆ ఊరు చూడనే లేదు. మూటలు కట్టుకుని రేవుకు వెళ్లారు. అమ్మమ్మకు నెలలు నిండాయి. తెలిస్తే ఓడ ఎక్కనివ్వరని మీద దుప్పటి కప్పుకుని ఎండలో లైన్లో నిలబడింది. తాత మూటలతో ముందెక్కడో ఉన్నాడు. అమ్మ వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని వెనక ఉంది.

"మాయమ్మ నా సెయ్యి ఇంతలా నొక్కేసినాది. నోరు ఇప్పనేదు. కొంగు పళ్ల మద్దిన ఎట్టి కొరికేస్తన్నాది. కిందకి సూస్తే కాళ్ల మీద నీళ్లు. నాకేటి తెలుసు, సిన్న గుంటని. కానీ బయమేసినాది."

పక్కనే రోడ్డు మీద ఒకావిడ కావిడిలో కుండలు పెట్టుకుని మొహింగా అమ్ముతోంది. చేపల పులుసు పోసి ఇచ్చే సన్న సేమ్యాలు. అమ్మకు అప్పటికి బర్మా మాటలు పెద్దగా రావు. కూలీల లైను ఇళ్లలో అందరూ తెలుగువాళ్లే. వచ్చిన ఒక్క మాట 'అమే', అంటే అమ్మ. పరుగెత్తుకెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుని అమే అమే అంటూ వెనక్కి చూపించింది. ఆవిడ చూసి, మండుతున్న పొయ్యినీ కుండల్నీ అలాగే వదిలేసి వచ్చింది. అమ్మమ్మను భుజానికి ఆనించుకుని రేవు వెనకున్న తన పాకకు నడిపించుకుపోయింది.

"ఆవిడే పురుడు పోసినాది," అంది అమ్మ.

నేను ఆగిపోయాను. మిగతావాళ్లు నా బర్మా మాటల కోసం ఎదురుచూస్తున్నారు. "పురుడంటే ఏటమ్మా?" అని అడిగాను.

అమ్మ నావైపు వింతగా చూసింది. తర్వాత చేతులతో బిడ్డను అందుకుంటున్నట్టు చూపించి, మెల్లిగా విడమర్చి చెప్పింది. అది బర్మాలో చెప్పగానే సన్యాసిని రెండు చేతులూ జోడించింది.

పుట్టింది మగపిల్లాడు. మా మావయ్య. తాతకు కబురు తెలిసి పరుగెత్తుకొచ్చేసరికి ఓడ కూత వేసింది. మూటలు అప్పటికే ఓడెక్కేశాయి. ఇత్తడి బిందె, దుప్పట్లు, అమ్మమ్మ పెళ్లి చీర అన్నీ శ్రీకాకుళం వైపు వెళ్లిపోయాయి, మనుషులు మాత్రం రంగూన్‌లో ఉండిపోయారు. తర్వాతి ఓడకు వెళ్దామనుకున్నారు. అమ్మమ్మ చాలా రోజులు లేవలేకపోయింది. ఆ మొహింగా ఆవిడ వాళ్లను తన పాకలోనే ఉంచుకుని, పథ్యం వండిపెట్టింది. అమ్మమ్మ కోలుకునేసరికి పోర్టులో తాతకు మళ్లీ పని దొరికింది. ఇక వెళ్లనే లేదు.

ఆవిడ పేరేమిటని సన్యాసిని అడిగింది. నేను అమ్మను అడిగాను. "పేరు ఎవులికి తెలుసు? మేం అందరం అమే అనే పిలిసీవోళ్లం," అంది.

సయామ చాప మీదకు దిగి అమ్మ పక్కన కూర్చుని, ఆవిడ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

దారిలో నేను అమ్మను అడిగాను, ఇన్నేళ్లూ ఈ సంగతి నాకెందుకు చెప్పలేదని.

"నువ్వెప్పుడడిగినావు?" అంది అమ్మ. "పొద్దున్న లెగిస్తే తిన్నావా, ఎల్లొస్తావా, అంతే కదేటి మన మాటలు."

కోపంగా అనలేదు. ఉన్నమాట చెప్పింది. ఆ రాత్రికి అన్నాలు తింటూ ఇంకో సంగతి, మర్నాడు పొద్దున్న పిండి రుబ్బుతూ మరో సంగతి చెప్పింది. నాకు తెలియని తెలుగు మాటలు రోజూ రెండు మూడు దొరికేవి. అడిగితే అమ్మ విసుక్కోకుండా చెప్పేది. చూస్తుండగానే మా ఇంట్లో మాటలు పెరిగాయి.

ఆ కథ చెప్పాక అమ్మకు తమ్ముణ్ణి చూడాలనిపించింది. మావయ్య నది అవతల దలాలో పడవలకు మరమ్మతులు చేస్తాడు. ఆదివారం ఫెర్రీ ఎక్కి వెళ్లాం. మావయ్య చేతికి తారు ఉండగానే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ కథ చెప్పిందని విని నవ్వి, ఆ తర్వాతి కథ తను చెప్పాడు.

చిన్నప్పుడు మావయ్య సగం రోజులు ఆ మొహింగా అమే దగ్గరే పెరిగాడట. ఆవిడకు పిల్లలు లేరు. మావయ్యకు ఇరవై ఏళ్లప్పుడు ఆవిడ పోయింది. బర్మా వాళ్లలో తల్లికి పుణ్యం కలగాలని కొడుకు కొన్నాళ్లు మఠంలో భిక్షువుగా ఉంటాడు. గుండు చేసేటప్పుడు రాలే జుట్టును ఇంటివాళ్లు తెల్లగుడ్డ పట్టి అందుకుంటారు.

"ఆవిడికి ఎవులున్నారు? ఎవులో ఒకరు సెయ్యాలి కదా. నానే ఎల్లి మఠంలో కూకున్నాను," అన్నాడు మావయ్య. "తెల్లగుడ్డ ఎవులు పడతారని సామి అడిగినాడు. మాయమ్మ లెగిసినాది. బొట్టెట్టుకున్న మనిషి, బుద్దుడి ముంగిట గుడ్డ పట్టుకుని నా జుత్తంతా అందుకున్నాది. అప్పుడూ ఏడవనేదు, జుత్తు కింద రాలకుండా గుడ్డ మడిసినాది."

అమ్మ ఆ రోజు అక్కడే ఉందట. తమ్ముడి గుండు ఎంత వంకరగా ఉందో చెప్పి నవ్వింది. మావయ్య కూడా నవ్వాడు. అత్త చేపల కూరతో అన్నం పెట్టింది. నాకు ఊహ తెలియకముందే పోయిన అమ్మమ్మ ముఖం నాకు ఫొటోలో తప్ప తెలియదు. ఆ మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని, ఆవిడను మొదటిసారి కలిసినట్టు అనిపించింది. పేరు తెలియని ఆ మొహింగా అమేను కూడా.

పరీక్షలో నార్మన్లు వచ్చాక ఇంగ్లీషు ఎలా నిలబడిందో రాయమన్నారు. నేను పొలాల గురించి, పాకల గురించి, పిల్లలతో మాట్లాడిన తల్లుల గురించి రాశాను. మంచి మార్కులే వచ్చాయి. మిగతా పేపర్లు కూడా పూర్తయ్యాక ఆ చిన్నపిల్లల స్కూల్లో చేరాను. ఇప్పుడు అక్కడే పనిచేస్తున్నాను. ఇంజను అతను పరీక్ష పాసై ఓడ మీద వెళ్లిపోయాడు. సన్యాసిని తన మఠంలోని ఆడపిల్లలకు ఇంగ్లీషు చెబుతోంది. సయామకు శుక్లాల ఆపరేషన్ అయింది. ఇప్పుడు బాగా కనిపిస్తోంది, మొదటి రోజే తన ఇల్లు ఇంత దుమ్ముగా ఉందా అని బాధపడింది.

ఆదివారాలు మన తెలుగువాళ్ల గుడిలో పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతారు. నేను కూడా ఆ పిల్లల మధ్య కూర్చుని నేర్చుకున్నాను. ఒత్తులు రాయడానికి నాకు చాలా కాలం పట్టింది. పక్కనున్న ఆరేళ్ల పిల్ల నా పలక మీద తప్పులు వేలు పెట్టి చూపించేది. అమ్మ చెప్పినవి తెలుగులో రాసుకోగలిగే స్థితికి వచ్చాక, మొదట రాసింది ఆ రేవు కథే.

రాసింది సయామకు చూపించడానికి అమ్మతో కలిసి వెళ్లాను. ఆవిడకు ఒక్క అక్షరం అర్థం కాదు. అయినా చదవమంది, మీ భాష ఎలా వినిపిస్తుందో వింటానంది. కొత్త కళ్లు మూసుకుని కూర్చుంది. ఇంగ్లీషు చెప్పించుకుందామని ఈ మెట్లెక్కిన నాకు మా అమ్మ మాట దొరికింది. అందుకు సయామకు ఎలా థాంక్స్ చెప్పాలో ఏ భాషలోనూ తెలియలేదు. చదవడం మొదలుపెట్టాను. సగం చదివానో లేదో అమ్మ మధ్యలో ఆపి, ఆ మొహింగా ఆవిడ పొయ్యి ఊరికే వదిలెయ్యలేదు, పక్కన చుట్టలమ్మే ఆవిడకు అప్పజెప్పి మరీ వచ్చింది, అది కూడా రాయమంది. సయామ ఏమైందని అడిగింది. నేను బర్మాలో చెప్పి, అక్కడే కూర్చుని ఆ వాక్యం చేర్చాను.